కొత్త పేరు, పాత ఫిల్మ్: డబ్బాలో ఏముందో తెలుసుకుని రోల్ కొనడం ఎలా?

ఫిల్మ్ కెమెరా పట్టిన వాళ్ళకి ఇవాళ మొదట గుండె గుభేల్మనిపించేది రోల్ ధర. ఆ తర్వాత తికమక పెట్టేవి పేర్లు. ఒకప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే బ్రాండ్లుండేవి. ఇప్పుడు చూడబోతే ఎటు చూసినా కొత్త డబ్బాలే. మంచి బొమ్మ, ఆకట్టుకునే పేరు, పక్కన ఒక ఐఎస్ఓ అంకె (వెలుగుకు ఫిల్మ్ ఎంత తొందరగా స్పందిస్తుందో చెప్పేది). ఇంతమంది ఫిల్మ్ తయారు చేస్తున్నారా అంటే, లేదు. తయారు చేసేవాళ్ళు కొద్దిమందే. మిగతావాళ్ళలో ఎక్కువమంది వాళ్ళ దగ్గర కొని, కోసి, చుట్టి, తమ పేరు పెట్టి అమ్ముతున్నవాళ్ళు.

ఇది మోసమని నేననను. వీటిలో కొన్ని నాకు చాలా ఇష్టమైన ఫిల్ములు. వీళ్ళు పూనుకోకపోతే మన కెమెరాల దాకా ఎప్పటికీ వచ్చి ఉండని ఫిల్ములూ ఉన్నాయి. కాకపోతే డబ్బాలో ఏముందో తెలియకుండా కొంటే రెండు నష్టాలు. ఒకే ఫిల్మ్‌ని రెండు పేర్లతో రెండు ధరలకు కొనేస్తాం. కడిగే పద్ధతి తెలియక ఫొటోలు పాడుచేసుకుంటాం. ఈ రెండూ జరగకుండా రోల్ ఎలా ఎంచుకోవాలో వరసగా చెప్తాను.

1. ముందు ఫ్యాక్టరీలు తెలుసుకోండి, బ్రాండ్లు తర్వాత

ఫిల్మ్‌కి ప్రాణం ఎమల్షన్. జెలటిన్‌లో కలిపిన వెండి హాలైడ్ స్ఫటికాలను పలుచటి ప్లాస్టిక్ బేస్ మీద, కటిక చీకట్లో, పొరలు పొరలుగా పూస్తారు. కలర్ ఫిల్మ్‌లో ఇలాంటి పొరలు డజను దాటతాయి. మీటరుకు పైగా వెడల్పున్న పెద్ద చుట్ట మీద ఈ పూత ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా పడాలి. అందుకు కావలసిన యంత్రాలూ మనుషులూ ఉన్న ఫ్యాక్టరీలు ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువ. ఆ పెద్ద చుట్టను 35 మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, చిల్లులు పొడిచి, క్యాసెట్లలో చుట్టే పని వేరు. అది చిన్న సంస్థ కూడా చేయగలదు. పేరు మారేదంతా ఈ రెండో దశలోనే.

కాబట్టి ఈ ఫ్యాక్టరీలను గుర్తుంచుకుంటే సగం పని అయిపోయినట్టే. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఈస్ట్‌మన్ కోడాక్ ఉంది. నేడు లోకంలో దొరికే కలర్ నెగటివ్ ఫిల్మ్‌లో పెద్ద వాటా అక్కడి నుంచి వచ్చేదే. ఇంగ్లండ్‌లో చెషైర్‌లోని మాబర్లీలో హార్మన్ టెక్నాలజీ ఉంది. ఇల్‌ఫర్డ్ బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములన్నీ వాళ్ళవే. 2007లో కెంట్‌మియర్‌ను కొన్నాక ఆ పేరుతో వచ్చే చవక బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములూ వాళ్ళవే అయ్యాయి. చెక్ దేశంలోని హ్రాడెట్స్ క్రాలోవేలో ఫోమా ఉంది. 1921లో మొదలైన కంపెనీ, ఇప్పటికీ నడుస్తోంది. బెల్జియంలో మోర్ట్‌సెల్‌లోని ఆగ్ఫా-గేవర్ట్ విమానాల నుంచి నేలను ఫొటో తీసే ఫిల్ములకు పేరుపొందింది. జపాన్‌లో ఫ్యూజీఫిల్మ్ సంగతి చెప్పనక్కర్లేదు. ఇవి కాక జర్మనీలో ఓర్వో, ఇనోవిస్‌కోట్, ఆడాక్స్, ఇటలీలో ఫెరానియా, చైనాలో లక్కీ, షాంఘై లాంటివి ఉన్నాయి.

ఒక కొత్త పేరు కనబడగానే "దీన్ని పూసింది ఎవరు?" అని అడగండి. జవాబు చాలాసార్లు ఈ జాబితాలోనే దొరుకుతుంది.

2. పేరు మార్పు ఏ రకమో తేల్చుకోండి

అన్ని పేరు మార్పులూ ఒకటి కాదు. ధర న్యాయమైనదా కాదా అన్నది ఈ రకం మీదే ఆధారపడుతుంది. అందుకే ఈ అడుగు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

అన్నిటికన్నా సాదాది, ఉన్న ఫిల్మ్‌ని ఉన్నట్టుగా తీసుకుని వేరే డబ్బాలో పెట్టడం. అమెరికాలో అమ్మే అరిస్టా ఈడీయూ అల్ట్రా అన్నది ఫోమాపాన్ ఫిల్మే. 2017లో వచ్చిన కాస్మో ఫొటో మోనో 100 కూడా ఫోమాపాన్ 100 కుటుంబంలోదే. కొంతకాలం కిందటి దాకా ఆగ్ఫాఫొటో విస్టా ప్లస్ 200 పేరుతో చవగ్గా దొరికిన కలర్ ఫిల్మ్ నిజానికి ఫ్యూజీఫిల్మ్ సి200. ఆగ్ఫాఫొటో కంపెనీ 2005లోనే దివాలా తీసింది. ఆ తర్వాత మిగిలింది పేరు ఒక్కటే. పేరును లైసెన్సు మీద తీసుకున్నవాళ్ళు ఎక్కడి ఫిల్మ్ దొరికితే అక్కడిది పెట్టి అమ్మారు. ఈ రకంలో అసలు ఫిల్మ్ ధరా కొత్త పేరు ధరా పక్కపక్కన పెట్టి చూడండి. ఏది తక్కువైతే అది కొనండి. ఇంతకు మించి ఆలోచించాల్సింది లేదు. కొన్నిసార్లు అసలు పేరుదే చవక, కొన్నిసార్లు మారు పేరుది.

పెద్ద కంపెనీలు కూడా ఈ పని చేస్తాయని చాలామందికి తెలియదు. 2019లో ఫ్యూజీఫిల్మ్ మళ్ళీ తెచ్చిన ఆక్రాస్ 2 డబ్బా తిప్పి చూస్తే ఇంగ్లండ్‌లో తయారైనట్టు ఉంటుంది. ఈమధ్య వస్తున్న ఫ్యూజీఫిల్మ్ 200, 400 కలర్ ఫిల్ముల డబ్బాల మీద అమెరికాలో తయారైనట్టు ఉంటుంది. వాటి సాంకేతిక పత్రాలను కోడాక్ గోల్డ్ 200, అల్ట్రామ్యాక్స్ 400 పత్రాలతో పోల్చి చూసినవాళ్ళకు గీతలకు గీతలే సరిపోయాయి. పాత జపాన్ ఫ్యూజీ పచ్చదనం కోసం ఈ 200ను కొంటే ఆ రంగు రాదు. అందులో ఫ్యూజీ అన్నది డబ్బా వరకే.

రెండో రకం వేరే పని కోసం తయారైన ఫిల్మ్‌ని మన కెమెరాలకు తేవడం. ఇక్కడ పేరు మార్చినవాళ్ళు నిజంగా కష్టపడతారు. సినిమా ఫిల్మ్, విమానాల నుంచి తీసే ఫిల్మ్, నిఘా కెమెరాల ఫిల్మ్ ఇవన్నీ పొడవాటి చుట్టలుగా, మామూలు మనిషి కొనలేనంత పెద్ద మోతాదుల్లో అమ్ముతారు. సినీస్టిల్ 800టి అంటే కోడాక్ విజన్3 500టి సినిమా ఫిల్మ్. దాని వెనకనున్న నల్లటి మసి పొరను ముందే తీసేసి, మామూలు ల్యాబులో కడిగేలా చేసి అమ్ముతారు. సినీస్టిల్ బీడబ్ల్యూఎక్స్ఎక్స్ అంటే 1959 నుంచీ వస్తున్న ఈస్ట్‌మన్ డబుల్-ఎక్స్. జపాన్ కెమెరా హంటర్ అనే సంస్థ 2016లో తెచ్చిన స్ట్రీట్‌పాన్ 400 ఆగ్ఫా నిఘా ఫిల్మ్ నుంచి పుట్టింది. రోలై రెట్రో 80ఎస్ కూడా ఆగ్ఫా ఏవిఫాట్ అనే ఆకాశ ఫిల్మ్ (విమానాల నుంచి తీసేది) వంశంలోదే. ఫిన్లాండ్ నుంచి వచ్చే శాంటాకలర్ 100 కోడాక్ ఏరోకలర్ అనే మరో ఆకాశ ఫిల్మ్. మామూలు కలర్ నెగటివ్‌కి ఉండే నారింజ రంగు బేస్ దీనికి ఉండదు. కడిగి చూస్తే నెగటివ్ దాదాపు తెల్లగా, పారదర్శకంగా ఉంటుంది.

ఈ రకానికి కొంచెం ఎక్కువ ధర పెట్టడం తప్పు కాదు. ఆ డబ్బు ఒక పనికి వెళ్తోంది. ఆ పని మీరే చేసుకోగలరా, చేసుకునే ఓపిక ఉందా అని మాత్రం ఆలోచించుకోండి. దాని గురించి కింద చెప్తాను.

మూడో రకం ఒకే ఫ్యాక్టరీలో పుట్టిన వేరే ఫిల్మ్. కెంట్‌మియర్ 400ను ఇల్‌ఫర్డ్ వాళ్ళ హెచ్‌పీ5 అని అనుకునేవాళ్ళున్నారు. కాదు. రెండూ హార్మన్ పూసినవే కానీ ఎమల్షన్లు వేరు. కెంట్‌మియర్ చవక ఫిల్మ్‌గానే తయారైంది. ఎండలో బాగానే ఉంటుంది, రెండు స్టాపులు పుష్ చేస్తే (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపో సగమో కావడం; పుష్ అంటే తక్కువ వెలుగుతో తీసి ఎక్కువసేపు కడగడం) నీడలు హెచ్‌పీ5 అంత బాగా నిలబడవు. "ఒకే ఫ్యాక్టరీ" అన్న మాటను "ఒకే ఫిల్మ్" అని వినకండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

నాలుగో రకం ముందే రంగు వెలుగులు పోసిన ఫిల్ములు. మామూలు కలర్ రోల్‌ని ముందే కొంచెం వెలుగు తగిలించి మళ్ళీ చుట్టి అమ్ముతారు. ఫొటోలో మెరుపులు, రంగు మరకలు వస్తాయి. నచ్చితే ఒక రోల్ కొనుక్కోండి. రోజువారీ వాడకానికి కాదు.

3. డబ్బా తిప్పి చదవండి

కొనే ముందు డబ్బా వెనక భాగం చూడండి. ఆన్‌లైన్‌లో అయితే వెనకవైపు ఫొటో అడగండి. చూడాల్సినవి: ఏ దేశంలో తయారైంది, గడువు తేదీ, బ్యాచ్ నంబరు, ఏ ప్రాసెస్‌లో కడగాలి. తయారైన దేశం రాయడం, చుట్టిన దేశం రాయడం ఒకటి కాదు. "ఫలానా దేశంలో ప్యాక్ చేయబడింది" అని మాత్రమే ఉంటే పూత వేరే చోట జరిగిందని అర్థం చేసుకోవాలి.

గడువు తేదీ, బ్యాచ్ నంబరు రెండూ లేని డబ్బా ఎంత చవకైనా నేను వదిలేస్తాను. అది ఎక్కడో మిగిలిపోయిన పాత చుట్ట నుంచి కోసింది కావచ్చు. గడువు దాటిన ఫిల్మ్ కావాలని కొనేవాళ్ళుంటారు, వాళ్ళకది తెలిసే కొంటారు. మీకు తెలియకుండా అది మీ చేతిలోకి రాకూడదు.

క్యాసెట్ మీద వెండి రంగు, నలుపు రంగు గళ్ళు ఉంటాయి. 1983లో కోడాక్ తెచ్చిన డీఎక్స్ కోడ్ అది. ఆటోమేటిక్ కెమెరాలు ఆ గళ్ళను తాకి ఐఎస్ఓ చదువుకుంటాయి. చిన్న సంస్థలు వాడేసిన క్యాసెట్లనే మళ్ళీ వాడి, పైన తమ స్టిక్కరు అంటిస్తాయి. స్టిక్కరు మీద ఒక ఐఎస్ఓ, కింద గళ్ళలో ఇంకొకటి ఉండే ప్రమాదం ఉంది. గళ్ళు అసలే లేకపోతే చాలా కెమెరాలు ఐఎస్ఓ 100 అనుకుంటాయి. ఐఎస్ఓను చేత్తో మార్చుకునే వీలులేని చిన్న కెమెరా మీదైతే ఈ సంగతి కొనే ముందే చూసుకోవాలి. కెమెరాలో వేసినప్పుడు తెర మీద ఏ అంకె వస్తుందో చూడండి. తేడాగా ఉంటే కాంపెన్సేషన్ డయల్‌తో సర్దండి. ఐఎస్ఓ 400 ఫిల్మ్‌ని కెమెరా 100 అనుకుంటే రెండు స్టాపులు ఎక్కువ వెలుగు పడుతుంది. కలర్ నెగటివ్ దాన్ని తట్టుకుంటుంది, నేరుగా అసలు రంగుల్లోనే బొమ్మ వచ్చే స్లైడ్ ఫిల్మ్ తట్టుకోదు.

4. సాంకేతిక పత్రాలు పక్కపక్కన పెట్టండి

ప్రతి మంచి ఫిల్మ్‌కీ ఒక సాంకేతిక పత్రం ఉంటుంది. కొత్త పేరు ఫిల్మ్‌దీ మీరు అనుమానిస్తున్న అసలు ఫిల్మ్‌దీ రెండూ తెచ్చుకుని చూడండి. కడిగే సమయాలు మూడు నాలుగు డెవలపర్లలో (బొమ్మను బయటికి తెచ్చే రసాయనాల్లో) నిమిషాలకు నిమిషాలు సరిపోతే అది గట్టి ఆధారం. ఒకే డెవలపర్‌లో సరిపోతే దాన్ని పట్టించుకోకండి, అది కాకతాళీయం కావచ్చు. ఏ రంగు వెలుగుకు ఎంత స్పందిస్తుందో చూపే గీత ఉంటుంది. ఎరుపు చివర అది ఎక్కడ పడిపోతోందో చూడండి. ఆగ్ఫా ఆకాశ ఫిల్ములది మామూలు ఫిల్ముల కన్నా ఇంకా ఎరుపు వైపు సాగుతుంది. అందుకే వాటితో తీస్తే ఆకాశం నల్లబడుతుంది, చర్మం తెల్లగా వెలుగుతుంది.

అసలు ఎవరో తెలిస్తే అసలు ఫిల్మ్ పత్రంలోని సమాచారమంతా మీదే. దీనికి నేను బాగా విలువిస్తాను, ఎందుకంటే చాలా మారు పేరు డబ్బాల మీద రెండు వాక్యాలకు మించి ఏమీ ఉండదు. ఒక ఉదాహరణ చూడండి. ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచితే ఫిల్మ్ స్పందన తగ్గుతుంది. ఫోమాపాన్ 100లో ఇది బాగా ఎక్కువ. ఫోమా పత్రం ప్రకారం వెలుగు కొలిచే మీటరు 1 సెకను చూపిస్తే 2 సెకన్లు ఇవ్వాలి, 10 సెకన్లు చూపిస్తే 80 సెకన్లు ఇవ్వాలి. మారు పేరు డబ్బాలో అదే ఫిల్మ్ ఉందని తెలియక రాత్రిపూట మీటరు చెప్పినట్టే 10 సెకన్లు ఇచ్చారనుకోండి, మూడు స్టాపుల వెలుగు తక్కువై నెగటివ్ దాదాపు ఖాళీగా వస్తుంది. ఫిల్మ్ పాడైందనుకుంటారు. పాడైంది లెక్క.

5. కడిగిన నెగటివ్ అంచు చదవండి

అసలు రహస్యం బయటపడేది ఇక్కడే. రోల్ కడిగించాక నెగటివ్‌ని వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. ఫొటోల పైనా కిందా, చిల్లుల దగ్గర, సన్నటి అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఇవి ముద్రించినవి కావు. ఫ్యాక్టరీలోనే వెలుగుతో ఎమల్షన్ మీద రాస్తారు, ఫొటోతో పాటే కడుగుడులో బయటికొస్తాయి. పేరు మార్చినవాళ్ళు డబ్బా మారుస్తారు, స్టిక్కరు మారుస్తారు, ఈ అంచును మార్చడం మాత్రం వాళ్ళ చేతిలో లేదు. ఫ్యాక్టరీకి పెద్ద ఆర్డరు ఇచ్చినవాళ్ళే అంచు మీద తమ పేరు రాయించుకోగలరు.

భూతద్దం పెట్టి చదవండి. కొన్నిటి మీద ఫ్యాక్టరీ పేరే ఉంటుంది. సినిమా ఫిల్మ్ అయితే నాలుగంకెల సంఖ్య ఉంటుంది: 5219 అంటే విజన్3 500టి, 5207 అంటే 250డి, 5203 అంటే 50డి, 5222 అంటే డబుల్-ఎక్స్. మామూలు స్టిల్ ఫిల్ములకు ఒక అంచున సన్నటి బార్‌కోడ్ కూడా పదేపదే వస్తుంటుంది. ల్యాబు యంత్రాలు ఫిల్మ్ రకాన్ని గుర్తుపట్టడానికి పెట్టింది అది. మీకు తెలిసిన ఫిల్మ్ నెగటివ్‌నీ కొత్త పేరు నెగటివ్‌నీ పైన ఒకటి కింద ఒకటి పెట్టి ఆ గీతల వరస పోల్చండి. అచ్చంగా ఒకటే అయితే ఇక సందేహం అక్కర్లేదు. అంచున ఏమీ లేకపోతే అదీ ఒక సమాచారమే. ఆకాశ ఫిల్ములు, పారిశ్రామిక ఫిల్ముల నుంచి కోసినవి చాలావరకు అంచు ఖాళీగానే వస్తాయి.

బేస్‌ను కూడా గమనించండి. ఒక కొసను చేత్తో చింపి చూడండి. అసిటేట్ బేస్ చిరుగుతుంది. పాలియెస్టర్ ఎంత లాగినా చిరగదు. ఆగ్ఫా ఆకాశ ఫిల్ములు పారదర్శకమైన పాలియెస్టర్ మీద వస్తాయి. ఇలాంటి బేస్‌తో ఒక జాగ్రత్త ఉంది. క్యాసెట్ నుంచి బయటికొచ్చిన నాలుక మీద వెలుగు పడితే అది బేస్ గుండా లోపలికి పాకి మొదటి ఫ్రేముల్ని పొగమంచు కప్పినట్టు చేస్తుంది. కాబట్టి ఎండలో నిలబడి కెమెరాలోకి ఎక్కించకండి. నీడలోకి వెళ్ళి, మీ ఒంటి నీడలో ఎక్కించండి. స్ట్రీట్‌పాన్, రెట్రో 80ఎస్ లాంటివి వాడేవాళ్ళకి ఇది మొదటి పాఠం.

6. రోల్ ధర కాదు, ఫ్రేము ఖర్చు లెక్కెయ్యండి

ఇప్పుడు డబ్బు సంగతి. ఫిల్మ్ ధరలు ఎందుకు పెరిగాయన్నది ముందు అర్థం చేసుకోండి. డిజిటల్ వచ్చాక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, మిగిలినవి కూడా యంత్రాలు అమ్మేసి, మనుషుల్ని తగ్గించుకుని చిన్నవైపోయాయి. కోడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది, 2013లో బయటపడింది. ఆ తర్వాత ఫిల్మ్ వాడేవాళ్ళు మళ్ళీ పెరిగారు. గిరాకీ పెరిగినంత తొందరగా పూత యంత్రాలు పుట్టవు. దీనికి తోడు ఫిల్మ్‌లో ఉండేది నిజమైన వెండి. 2025 అక్టోబరులో వెండి ధర ఔన్సుకు 50 డాలర్లు దాటింది. కాబట్టి పాత ధరలు మళ్ళీ వస్తాయని ఆగకండి. మనం చేయగలిగింది లెక్క తెలిసి ఖర్చు పెట్టడమే.

లెక్క ఇది: రోల్ ధర, రవాణా ఖర్చులో ఆ రోల్ వాటా, కడిగించే ఖర్చు, స్కాన్ ఖర్చు, ఈ నాలుగూ కలిపి వచ్చిన ఫ్రేముల సంఖ్యతో భాగించండి. 35 మిల్లీమీటర్లకు 36 అనుకుంటాం కానీ కొన్ని మారు పేరు రోల్స్ 24 లేదా 27 ఫ్రేములవే. ధర తక్కువగా కనబడటానికి అదే కారణం కావచ్చు. 120 రోల్ (35 మిల్లీమీటర్ల కన్నా వెడల్పైన ఫిల్మ్) అయితే, సెంటీమీటర్లలో ఫ్రేము కొలతను బట్టి, 6×6లో 12, 6×4.5లో 16, 6×7లో 10, 6×9లో 8 వస్తాయి. ఒకే రోల్ మీద 6×9కి అయ్యే ఫ్రేము ఖర్చు 6×4.5కి రెట్టింపు.

ఈ లెక్క వేస్తే ఒక నిజం తెలుస్తుంది. మంచి రోల్ ధర 10 భాగాలు, కడిగించి స్కాన్ చేయించడం 10 భాగాలు అనుకోండి. మొత్తం 20. దాని బదులు 6 భాగాలకే దొరికే మారు పేరు రోల్ కొన్నారు. రోల్ మీద 40 శాతం మిగిలిందని సంతోషిస్తాం. కడిగించడం మాత్రం ఏ ఫిల్మ్‌కైనా 10 భాగాలే. మొత్తం 16, అంటే నిజంగా మిగిలింది 20 శాతం. అదే మంచి ఫిల్మ్ వాడుతూ బ్లాక్ అండ్ వైట్‌ని ఇంట్లో కడుక్కుంటే అంతకన్నా ఎక్కువే మిగులుతుంది. డెవలపర్, బొమ్మను చెరగకుండా నిలిపే ఫిక్సర్, ఒక ట్యాంకు, ఒక థర్మామీటరు, చీకటి కోసం ఒక ఛేంజింగ్ బ్యాగు చాలు. చవక ఫిల్మ్ కోసం వెతికే ముందు కడుగుడు ఖర్చు తగ్గించండి. నేను ఎవరికైనా ఇచ్చే మొదటి సలహా ఇదే.

రెండో మార్గం పొడవు చుట్ట కొని మీరే చుట్టుకోవడం. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములు 100 అడుగుల, అంటే 30.5 మీటర్ల డబ్బాల్లో దొరుకుతాయి. దాని నుంచి 36 ఫ్రేముల రోల్స్ 18, 19 దాకా వస్తాయి. చుట్ట నుంచి క్యాసెట్లలోకి ఫిల్మ్ చుట్టే బల్క్ లోడర్ ఒకటి, స్క్రూ మూత ఉన్న ఖాళీ క్యాసెట్లు కొన్ని కావాలి. చుట్టేటప్పుడు 36 కన్నా ఎక్కువ ఇరికించాలని చూడకండి, ట్యాంకు రీలు దాన్ని పట్టదు. క్యాసెట్ నోటికి ఉండే నల్ల మఖమల్ మీద ఇసుక రేణువు చేరితే రోల్ పొడుగునా గీత పడుతుంది. కాబట్టి ప్రతిసారీ ఊది, తుడిచి వాడండి, నాలుగైదుసార్లు వాడాక పారేయండి. కొనే ముందు ఒక సంగతి చూసుకోండి: 100 అడుగుల డబ్బా ధరను 18తో భాగించి విడి రోల్ ధరతో పోల్చండి. ఎప్పుడూ చుట్టే చవక అన్న నమ్మకం తప్పు. కొన్ని ఫిల్ములకు తేడా దాదాపు ఉండదు.

7. సినిమా ఫిల్మ్ కొనేటప్పుడు వేసుకోవలసిన మూడు ప్రశ్నలు

సినిమా ఫిల్మ్‌ని చుట్టి అమ్మేవాళ్ళు ఇప్పుడు చాలామంది. చవగ్గానూ ఉంటుంది. కొనే ముందు ఈ మూడూ తేల్చుకోండి.

వెనక మసి పొర ఉందా? విజన్3 ఫిల్ములకు వెనక రెమ్‌జెట్ అనే నల్లటి కార్బన్ పొర ఉండేది. సినిమా కెమెరాలో గీతలు, స్టాటిక్ మెరుపులు రాకుండా, వెలుగు వెనక నుంచి తిరిగొచ్చి వలయాలు వేయకుండా అది కాపాడుతుంది. అది ఉన్న రోల్‌ని మామూలు కలర్ నెగటివ్‌లు కడిగే సి-41 యంత్రంలో వేస్తే మసి ఊడి రసాయనాల్లో కలిసిపోతుంది. దాంతో మీ రోల్‌తో పాటు ఇతరుల రోల్స్ కూడా పాడవుతాయి. ల్యాబు వాళ్ళకు చెప్పకుండా ఇలాంటి రోల్ ఎప్పుడూ ఇవ్వకండి. ఇంట్లో అయితే ముందు సోడా లాంటి క్షార ద్రావణంలో నానబెట్టి, గట్టిగా ఊపి, నీళ్ళు తేటపడే దాకా కడిగి, మిగిలింది చివర్లో తడి వేళ్ళతో తుడవాలి. 2025 నుంచి కోడాక్ ఈ ఫిల్ముల్లో రెమ్‌జెట్ బదులు ఎమల్షన్ కింద వేరే పొర పెట్టడం మొదలుపెట్టింది. కాబట్టి ఒకే పేరుతో పాతవీ కొత్తవీ రెండూ చెలామణిలో ఉంటాయి. అమ్మేవాళ్ళను సూటిగా అడగండి: ఇది మసి పొర ఉన్నదా, లేనిదా?

ఏ ప్రాసెస్‌లో కడుగుతారు? సినిమా కలర్ ఫిల్మ్ కడిగే అసలు పద్ధతి ఇసిఎన్-2. సి-41లో కడిగితే కాంట్రాస్ట్ పెరుగుతుంది, రంగులు కొంచెం పక్కకు జరుగుతాయి. అది నచ్చేవాళ్ళున్నారు, నాకూ కొన్ని సందర్భాల్లో నచ్చుతుంది. ముందే తెలిసి ఎంచుకుంటే ఇబ్బంది లేదు. సినీస్టిల్ 800టిలో రాత్రి దీపాల చుట్టూ కనబడే ఎర్రటి వలయాలు మసి పొర తీసేయడం వల్ల వచ్చేవే.

ఏ వెలుగుకు తయారైంది? పేరు చివర టి ఉంటే టంగ్‌స్టన్ దీపాలకు, డి ఉంటే పగటి వెలుగుకు. 500టిని ఎండలో వాడితే అంతా నీలంగా వస్తుంది. 85 నంబరు నారింజ ఫిల్టరు పెట్టి, ఐఎస్ఓ 320గా తీసుకుని వాడితే సరిపోతుంది.

8. ఒక రోల్‌తో పరీక్ష

పది రోల్స్ కొనే ముందు ఒకటి కొని ఇలా పరీక్షించండి. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టండి. మబ్బు పట్టని రోజున, ఎదురుగా ఎండా నీడా రెండూ ఉండే దృశ్యం ఎంచుకోండి. అందులో నల్లటి బట్ట ఒకటి, తెల్లటి బట్ట ఒకటి, మధ్యలో గ్రే కార్డు (వెలుగు కొలవడానికి వాడే బూడిద రంగు అట్ట) పెట్టండి. డబ్బా మీదున్న ఐఎస్ఓకి మీటరు చూసి ఒక ఫ్రేము తీయండి. తర్వాత ఒక స్టాపు తక్కువ, రెండు తక్కువ, ఒకటి ఎక్కువ, రెండు ఎక్కువ. ఈ ఐదు ఫ్రేములూ ఎప్పుడూ ఇదే వరసలో తీయండి, కడిగాక వెతుక్కోనక్కర్లేదు. మిగిలిన రోల్‌లో మీరు మామూలుగా తీసేవే తీయండి: మనుషులు, వీధులు, చెట్లు. మీరు ఎలా వాడతారో అలా వాడితేనే అది మీకు పనికొస్తుందా లేదా తెలుస్తుంది.

కడిగాక స్కాన్ చూసి తీర్పు చెప్పకండి, నెగటివ్ చూడండి. స్కానర్ ప్రతి ఫ్రేమునీ తనకు తోచినట్టు సర్దేస్తుంది. వెలుగుబల్ల మీద పెట్టి, తక్కువ వెలుగిచ్చిన ఫ్రేము నుంచి ఎక్కువ వైపు వెళ్తూ, నల్లటి బట్ట మడతలు ఏ ఫ్రేములో మొదట కనబడుతున్నాయో చూడండి. డబ్బా చెప్పిన ఐఎస్ఓ దగ్గరే మడతలు కనబడితే ఆ అంకె నిజం. ఒక స్టాపు ఎక్కువ ఇచ్చిన ఫ్రేములోనే కనబడితే దాని అసలు వేగం సగం. ఐఎస్ఓ 400 అని రాసి ఉన్న చవక బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముల్లో ఇది తరచు జరుగుతుంది. ఫోమాపాన్ 400ను చాలామంది 200గా, 250గా పెట్టి వాడేది అందుకే. అలాంటి ఫిల్మ్‌ని హెచ్‌పీ5తో ధరలో పోల్చేటప్పుడు ఒక స్టాపు వేగం తక్కువన్నది కూడా లెక్కలోకి రావాలి. పట్టపగలు తీసేవాళ్ళకు పర్లేదు. సాయంత్రం, గదుల్లో తీసేవాళ్ళకు ఆ చవక చవక కాదు.

9. కొనడం, దాచడం

పరీక్షలో నచ్చితే ఒకే బ్యాచ్ నంబరున్నవి ఒకేసారి కొనండి, రవాణా ఖర్చు కూడా కలిసొస్తుంది. వెంటనే వాడనివి ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఏడాదికి పైగా దాచాలంటే డీప్ ఫ్రీజర్. బయటికి తీశాక వెంటనే మూత తీయకండి. ఫ్రిజ్‌లోదైతే రెండు మూడు గంటలు, ఫ్రీజర్‌లోదైతే ఒక పూట బయట ఉంచి, గది వేడికి వచ్చాకే తెరవండి. లేకపోతే చల్లటి ఫిల్మ్ మీద గాలిలోని తేమ చేరి మచ్చలు పడతాయి. వాడిన రోల్‌ని మాత్రం దాచుకోకండి, వీలైనంత త్వరగా కడిగించండి.

ఇవన్నీ చేశాక కూడా ఒక పని మిగులుతుంది. మారు పేరు ఫిల్ముల్లో పేరు అలాగే ఉండి లోపలి ఫిల్మ్ మారిపోతుంటుంది. అమ్మేవాళ్ళకు ఒక ఫ్యాక్టరీ నుంచి సరుకు ఆగిపోతే ఇంకో ఫ్యాక్టరీది తెచ్చి అదే డబ్బాలో పెడతారు. కాబట్టి ప్రతి రోల్ నెగటివ్ కవరు మీద డబ్బా పేరు, బ్యాచ్ నంబరు, అంచున కనబడిన అక్షరాలు, కడిగిన డెవలపరు, సమయం రాసిపెట్టండి. కొత్త బ్యాచ్ కొన్నప్పుడు మొదటి రోల్ కడిగాక అంచును పాత కవరుతో పోల్చండి. అక్షరాలు మారితే ఐదు ఫ్రేముల పరీక్ష మళ్ళీ చేయండి, పాత కడుగుడు సమయాలు దానికి వాడకండి.